ఎమ్మే సోషియాలజీ, ఎల్‌ఎల్‌బీ, ఒక ఫారం-సి: తాడ్వాయి అడవిలో నా అనుభవం

హిస్టరీయో సోషియాలజీయో తెలుగో చదివి, తర్వాత లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీలో చేరిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, అక్కా ఆ పాత చదువు లాయర్ పనిలో ఎందుకన్న అక్కరకొస్తదా లేక పక్కన పెట్టుడేనా అని. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్తే తెలిసేది కాదు కాబట్టి, ములుగు జిల్లా తాడ్వాయి దిక్కు ఒక కోయ గూడెం కోసం అడవి మీద సామూహిక హక్కు క్లెయిమ్ మేము ఎట్ల తయారు చేసినమో మొదటి నుంచి రాస్తున్న. గూడెం పేరు రాస్తలేను, ఫైల్ ఇంకా నడుస్తున్నది, అక్కడి పెద్దమనుషులు కూడా ఇప్పుడే వద్దన్నరు.

నాది పరకాల దిక్కు. కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మే సోషియాలజీ చేసిన, తర్వాత హన్మకొండలోనే లా. ఇప్పుడు అదాలత్ దగ్గర ఒక సీనియర్ సార్ ఆఫీసులో జూనియర్‌ని. లా చదివినోళ్ళందరికీ జూరిస్‌ప్రుడెన్స్ పేపర్, అంటే అసలు చట్టం అంటే ఏంది అని చెప్పే పేపర్, గుర్తుంటది, అందులో సావినీది హిస్టారికల్ స్కూల్, ఎర్లిక్‌ది రాస్కో పౌండ్‌ది సోషియలాజికల్ స్కూల్, పరీక్షకు ఒక పెద్ద ప్రశ్న, రాసి మర్చిపోవుడు. నాకు మాత్రం ఎర్లిక్ మనసులో ఉండిపోయిండు. ఆస్ట్రియా సామ్రాజ్యం తూర్పు అంచున చెర్నోవిట్జ్ అనే ఊర్లో రోమన్ లా చెప్పిన ప్రొఫెసర్, చుట్టూ రుమేనియన్లు, ఉక్రేనియన్లు, యూదులు, జర్మన్లు, అందరి మీద ఒకటే సివిల్ కోడ్, కానీ పెళ్ళి, పంపకం, అప్పు సప్పు ఎవరి పద్ధతి వాళ్ళది. కోర్టు కాగితాల్లో ఉన్న చట్టం ఒకటి, జనం నిజంగా నడుచుకునే చట్టం ఇంకొకటి అని ఆయన 1913లో పుస్తకమే రాసిండు, లా విద్యార్థులను క్లాసులోనే కూర్చోబెట్టకుండా జనం ఎట్ల నడుచుకుంటున్నరో పోయి చూసి రాసుకొని రమ్మన్నడు. ఇది చదివినప్పుడు నాకు ములుగు అడవే గుర్తొచ్చింది, ఎందుకంటే ఎమ్మేలో ఫీల్డ్ వర్క్ కోసం అటు దిక్కే పోయిన.

ఇక అసలు సంగతి. అటవీ హక్కుల చట్టం 2006 అంటే మన దిక్కు అందరికీ పోడు పట్టాలే తెలుసు. 2023 జూన్ ఆఖర్లో ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి అన్ని జిల్లాల్లో పంచినవి అవే, అంటే ఒక్కో కుటుంబం సాగు చేసుకుంటున్న భూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా, ఫారం-ఎ మీద అడిగేది. అదే చట్టంలో ఫారం-సి అని ఒకటున్నది, దాని గురించి మాట్లాడేటోళ్ళు చాలా తక్కువ. ఊరు మొత్తం తరతరాలుగా వాడుకుంటున్న, కాపాడుకుంటున్న అడవి అంతటి మీద, దాన్ని కాపాడే, నిర్వహించుకునే హక్కు గ్రామసభకు ఇచ్చేది ఇది. రిజర్వ్ ఫారెస్ట్ అయినా అభయారణ్యం అయినా ఈ హక్కు అడగొచ్చని చట్టం నిర్వచనంలోనే ఉన్నది, ఏటూరునాగారం అభయారణ్యం పక్కన బతికేటోళ్ళకు ఇది చిన్న మాట కాదు. నా లెక్కలో ఫారం-ఎ కంటే ఇదే పెద్ద హక్కు, ఎందుకంటే ఒక కుటుంబానికి రెండెకరాలు వస్తే ఆ కుటుంబం నిలబడతది, అడవి మీద నిర్వహణ వస్తే తునికాకు, ఇప్పపువ్వు, జిగురు, వెదురు, వాగు అన్నీ గూడెం చేతికి వస్తయి.

కానీ రుజువు చేసుడు ఎట్ల? పట్టా లేదు, పహాణీ లేదు. 2008 రూల్స్‌లో 13వ రూల్ చదివితే సోషియాలజీ చదివినోళ్ళకు కళ్ళు తెరుచుకుంటయి. గెజెటీర్లు, సెన్సస్, సర్వే సెటిల్మెంట్ రిపోర్టులు, మ్యాపులు సరే, వాటితో పాటు పరిశోధన సంస్థలు ఆచారాల మీద చేసిన స్టడీలు, పాత రికార్డుల్లో పేరున్న మనిషి దాకా పోయే వంశవృక్షం, సొంతంగా క్లెయిమ్ పెట్టని పెద్దమనుషులు చెప్పింది రాసిన వాంగ్మూలం, బొందలగడ్డలు అంటే శ్మశానాలు, పూజ చేసే చెట్లు, గుంటలు, దుంపలు తవ్వుకునే జాగలు, పసువులు మేసే బీళ్ళు, నాటు వైద్యులు మందు చెట్లు తెచ్చుకునే జాగలు, ఇవన్నీ సాక్ష్యమే. వీటిలో ఒకటి కంటే ఎక్కువ చూపాలె అంతే. ఇది చదివి నేను మా సీనియర్ సార్‌కు చూపించి "సార్, ఇది ఎవిడెన్స్ రూల్ లెక్క లేదు, మా రీసెర్చ్ మెథడ్స్ సిలబస్ లెక్క ఉన్నది" అన్న. ఆయన ఒక్క నిమిషం చదివి "అయితే నువ్వే పోయి చెయ్" అన్నడు.

మన తెలంగాణలో చట్టం, మానవశాస్త్రం కలిసి నడిచుడు ఇదేం కొత్త కాదు, ఇది చెప్పకుండా ముందుకు పోబుద్ధి అయితలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయిన తర్వాత, అసలు గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను ఆదిలాబాద్ అడవులకు పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, గోండీ నేర్చుకొని, భూములు ఎట్ల పోయినయో ఊరూరా రాసి రిపోర్టులు ఇచ్చిండు, తర్వాత ఆ ప్రభుత్వానికే గిరిజన సలహాదారు అయ్యిండు. గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ నిజాం కాలం లెక్కలో 1356 ఫసలీలో, అంటే 1946లో వచ్చింది, దాని వెనుక ఆ రిపోర్టులున్నయి. ఆ తర్వాత 1959 భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని తెలంగాణకు 1963లో తెచ్చుడు, 1970 సవరణ, మనోళ్ళు వన్ ఆఫ్ సెవెంటీ అనేది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని ముందు అనుకోవాలె, కాదని చూపించే బాధ్యత అవతలోడిదే అని అందులో ఉన్నది. ఇట్లాంటి రూల్ ఉత్త లాజిక్ నుంచి పుట్టది, ఈ నేల మీద ఏం జరిగిందో తెలిసినోళ్ళే రాయగలరు. అట్లనే మన కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ గారు, తర్వాత లాయర్ అయ్యి ఏజెన్సీ భూముల కేసులు వాదించిండు, ఆయన రాసినవి చదువుతుంటే చరిత్ర ఎక్కడ ఆగి చట్టం ఎక్కడ మొదలైందో తెల్వదు. నాకు ఆదర్శం అదే.

టీం సంగతి. నేను, హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక తమ్ముడు, ఏటూరునాగారం దిక్కు కోయ అమ్మాయి ఒకామె, తెలుగులో ఎమ్మే. ఆమె లేకుంటే ఈ పని సగం కూడా అయ్యేది కాదు. పెద్దోళ్ళు తెలుగు మాట్లాడతరు గానీ చుట్టరికాలు, వేల్పుల ముచ్చట, అడవిలో జాగల పేర్లు వచ్చేసరికి కోయలోకే పోతరు. హన్మకొండలో ఏటూరునాగారం బస్సు ఎక్కి ములుగు, పస్రా మీదుగా తాడ్వాయిలో దిగుతుంటిమి, అక్కడి నుంచి ఎవరిదన్నా బండి. తునికాకు సీజన్‌లో పోతే ఎవరూ దొరకరు, పొద్దుగాల పోయి మధ్యాహ్నానికి వచ్చి కట్టలు కట్టుడు, కల్లానికి మోసుడు, ఆడోళ్ళకైతే ఊపిరి తీసుకునే టైం ఉండది, అందుకని సీజన్ అయిపోయినంక, వానలు పడకముందు ఉన్న ఆ కొద్ది గ్యాప్‌లోనే ఎక్కువ పని చేసినం.

మొదటి పెద్ద చిక్కు సంవత్సరాలు. క్లెయిమ్‌లు చూసే సర్కారు కమిటీలకు తేదీలు కావాలె. పోడు ఫైళ్ళకైతే 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపాలె. డెబ్బై ఏండ్ల తాతను పట్టుకొని ఏ సంవత్సరంలో అని అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్తడు, అది రాసుకుంటే రేపు అవతలి లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడది. జనాభా సర్వేలు చేసేటోళ్ళు దీనికి ఒక పద్ధతి వాడతరు, ఆ ప్రాంతంలో అందరికీ గుర్తున్న సంఘటనలు ముందు వరుసగా రాసుకొని, దానికి ముందా వెనుకనా అని అడుగుడు. మేము గూడెం వాళ్ళతోనే కూర్చొని ఆ వరుస తయారు చేసినం: రజాకార్ల కాలం, 1948 పోలీస్ యాక్షన్, 1986 గోదావరి పెద్ద వరద, ఇంకా వాళ్ళ గూడెంలో బోరు వేసుడు, బడి కట్టుడు లాంటివి. అన్నిటికంటే గట్టి గుర్తు మేడారం జాతర. రెండేండ్లకోసారి మాఘ పున్నానికి వస్తది, ఎవరూ మర్చిపోరు, 2004లో ఒకటి, 2006 ఫిబ్రవరిలో ఒకటి. చట్టం పెట్టిన కటాఫ్‌కు 2006 జాతరకు మధ్య రెండు నెలలే. అందుకని "ఈ చెలకను మొదలు కొట్టింది ఆ జాతరకు ముందా వెనుకనా" అని అడిగితే మనిషి వెంటనే ఎవరు ఎడ్లబండి తోలిన్రు, ఎవరి బిడ్డకు అప్పుడే కాన్పు అయింది అన్నీ చెప్తడు. ఒక అవ్వ అయితే "ఆ యేడు జాతరకు పోనేలేదు బిడ్డా, మక్కచేను కావలి ఉన్న, ఊరంతా పోయింది నేను మంచె మీద ఉన్న" అన్నది. మక్కచేను కావలి ఉన్నదంటే చేను ఉన్నట్టే కదా, అడగకుండానే వచ్చిన సాక్ష్యం ఇది, దీని బలం దీనికి ఉంటది.

ఇక్కడ లా, సోషియాలజీ రెండూ ఒకటే మాట చెప్తయి, మన జవాబు మనమే ప్రశ్నలో పెట్టి అడగొద్దు. కోర్టులో మన సాక్షిని చీఫ్‌లో, అంటే మనం మొదట అడిగేటప్పుడు, అట్ల అడగనియ్యరు, ఇంటర్వ్యూ మెథడ్‌లో కూడా అదే మొదటి పాఠం. అయితే రెండూ కొట్లాడుకునే చోట్లు కూడా ఉన్నయి, నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే.

గూడెంలో ఎవరూ ఒక్కరే కూర్చొని చెప్పరు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటరు, కాదు కాదు అది మీ పెద్దనాయన కాలంలో అని మూడో మనిషి సరిదిద్దుతడు. మౌఖిక చరిత్ర చేసేటోళ్ళకు ఇది బంగారం, జ్ఞాపకం నలుగురిలో తేలి వస్తది. లాయర్ కంటికి మాత్రం ఇది సాక్షులకు నేర్పిచ్చినట్టు కనపడతది. మా సార్ రికార్డింగ్ విని "వీళ్ళందరినీ ఒక్కదగ్గర కూర్చోబెట్టి చెప్పించినవా, పాయె" అన్నడు. మేము రెండూ చేసినం. ముందు అందరితో కలిసి మాట్లాడిన రికార్డింగ్ ఉంచినం, తర్వాత ఒక్కొక్కరి వాంగ్మూలం విడిగా, వాళ్ళింటి దగ్గర తీసుకున్నం, ప్రతి దాని మీద ఆ టైంలో పక్కన ఎవరెవరు ఉన్నరో కూడా రాసినం. దాపరికం లేకుంటే ఆ అనుమానానికి బలం ఉండదు.

హద్దుల కాడ ఇంకో గొడవ. ఇద్దరు పెద్దమనుషులు రెండు వేరే వాగులను హద్దుగా చెప్పిన్రు. సార్ ఏమన్నడంటే, వైరుధ్యం ఫైల్‌లో ఉంటే అవతలోళ్ళు దాన్నే పట్టుకుంటరు, ఒకటి తీసేయ్ అని. నాకు మనసొప్పలే. మళ్ళీ పోయి, హద్దు ఏది అని కాకుండా, ఏ నెలలో ఎవరెవరు ఎక్కడి దాకా పోతరు, ఎందుకు పోతరు అని అడిగినం. అప్పుడు తేలింది, దగ్గర వాగు వానాకాలం హద్దు, అది పొంగితే దాటలేరు, దూరం వాగు ఎండాకాలంది, పసువులు నీళ్ళ కోసం అక్కడి దాకా పోతయి, ఆడోళ్ళు ఇప్పపువ్వు ఏరేది కూడా ఆ మధ్యలోనే. ఇద్దరూ నిజమే చెప్పిన్రు. ఒకాయన ఎప్పుడూ పసువుల కాపరి, ఇంకొకాయన వ్యవసాయం చూసినోడు. ఫైల్‌లో రెండూ పెట్టి ఏ సీజన్‌కు ఏ హద్దు అని మ్యాప్ మీద రెండు రంగుల్లో గీసినం. తర్వాత సారే "ఇది మొదలు ఉన్నదాని కంటే గట్టిగ ఉన్నది" అన్నడు. ఒక మనిషి మాట తీసేసి ఉంటే ఆడోళ్ళు ఇప్పపువ్వు ఏరే జాగ మొత్తం క్లెయిమ్ బయట పడిపోయేది.

వంశవృక్షం గురించి కొంచెం ఎక్కువే రాస్తా, నాకు ఇష్టమైన భాగం ఇదే. కోయల్లో గట్టులు ఉంటయి, మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని, ప్రతి గట్టుకు ఇంటి పేర్లు, ఇలవేల్పులు. డోలి కొట్టే కళాకారులు పడిగె పట్టుకొని, అంటే బొమ్మలున్న ఆ పాత గుడ్డ, దాని మీద వేల్పు నుంచి మొదలుపెట్టి వంశం మొత్తం పాడి చెప్తరు. 2022లో పద్మశ్రీ వచ్చిన సకిని రామచంద్రయ్య గారు ఈ కళలోనోరే, సమ్మక్క సారలమ్మ చరిత్రను కోయలో పాడేటోరు. ఇప్పుడు లా దిక్కు నుంచి చూడండి. చనిపోయినోళ్ళు చెప్పిన మాట సాక్ష్యంగా పనికిరాదనేది సాధారణ రూల్, కానీ చుట్టరికం విషయంలో మినహాయింపు ఉన్నది. పాత ఎవిడెన్స్ యాక్ట్ 32వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 26. కుటుంబ వంశావళిలో గానీ, సమాధి రాయి మీద గానీ, కుటుంబ చిత్రపటం మీద గానీ, మామూలుగా అట్లాంటివి రాసే ఇంకే వస్తువు మీద గానీ చుట్టరికం చెప్పి ఉంటే, అది కూడా గొడవ రాకముందే చెప్పి ఉంటే, సాక్ష్యంగా తీసుకోవచ్చు. 1872లో దీన్ని రాసినోళ్ళ మనసులో ఇంగ్లండ్ చర్చి సమాధులు, పెద్దింటోళ్ళ ఫొటోలు ఉండొచ్చు. కానీ "ఇంకే వస్తువు" అని వదిలిన్రు కదా, పడిగె ఆ వస్తువే అని నేను వాదిస్తున్న. తాతల కాలం పడిగె అంటే ఈ క్లెయిమ్ కంటే ఎంతో ముందుది. గ్రామసభకు, కమిటీలకు ఎవిడెన్స్ యాక్ట్ అంత కచ్చితంగా వర్తించదు నిజమే, అయినా రేపు రిట్ వేయాల్సి వస్తే హైకోర్టులో చెప్పే మాట ఇప్పుడే ఫైల్‌లో ఉండాలె. అందుకని పడిగె ఫొటోలు, పాట రికార్డింగ్, కోయ మాటలు తెలుగు లిపిలో, కింద తెలుగులో భావం, పాడినాయన అది ఎవరి దగ్గర నేర్చుకున్నడు, పడిగె ఎవరింట్లో ఉంటది, అన్నీ జతచేసినం.

అదే వంశవృక్షంలో ఇంకో సంగతి. మగోళ్ళను అడిగితే తాత, నాయన, కొడుకు, మనుమడు, ఇట్ల నిలువునా చెప్పుకుంట పోతరు, బిడ్డల పేర్లు రావు. సోషియాలజీలో చుట్టరికాల చార్ట్ గీసుడు నేర్చుకున్నోళ్ళం కాబట్టి ప్రతి తరంలో ఆడబిడ్డలు ఎవరు, ఎక్కడికిచ్చిన్రు, ఎవరు తిరిగొచ్చి ఇక్కడే ఉన్నరు అని విడిగా ఆడోళ్ళనే అడిగినం. వాళ్ళు చెప్పిన చార్ట్ మగోళ్ళు చెప్పిన దానికంటే చాలా వెడల్పు. ఇది ఉత్త ముచ్చట కాదు. అటవీ హక్కుల చట్టం కింద పెళ్ళైనోళ్ళకు టైటిల్ భార్యాభర్తలిద్దరి పేరు మీద ఇయ్యాలె. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు, ఆడబిడ్డకు వాటా అనేది ఆచారం మీద పడ్డది, ఆచారం ఉన్నట్టు రుజువు చేయమనుడు ఆమె నెత్తి మీద పడ్డది. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, రామ్‌చరణ్ వర్సెస్ సుఖ్‌రామ్ అంటరు, ఆడోళ్ళకు వాటా లేదని చెప్పే ఆచారం ఉన్నట్టు చూపించకపోతే, ఆడమనిషి అన్న కారణంతో వాటా ఇయ్యకపోవుడు సమానత్వానికి విరుద్ధం అని చెప్పింది. కింది కోర్టులు ఆడోళ్ళకు ఇచ్చే ఆచారం మీరు రుజువు చేయలే అని కొట్టేసిన కేసు ఇది. ఆచారం అంటే ఏంది, దాన్ని ఎవరిని అడిగి తెలుసుకోవాలె అన్న ప్రశ్న దగ్గరే ఆ కేసు తిరిగింది. అడిగేటోడు మగోళ్ళనే అడిగితే ఆచారం కూడా మగోళ్ళదే దొరుకుతది.

మ్యాప్ కోసం పెద్దోళ్ళతోని అడవంతా తిరిగినం, మా హిస్టరీ తమ్ముడు జీపీఎస్ పట్టుకున్నడు. 2024 ఆగస్టు ఆఖర్లో వచ్చిన గాలివానకు తాడ్వాయి, మేడారం అడవిలో వేలకు వేల చెట్లు వేర్లతోటి పడిపోయినయి, అందరూ టీవీల్లో చూసిన్రు. హద్దు గుర్తుగా చెప్పే కొన్ని పెద్ద చెట్లు కూడా అందులో పోయినయని పెద్దోళ్ళు చెప్పిన్రు. శాటిలైట్ ఫొటోలో ఇప్పుడు అక్కడ ఖాళీ కనపడతది. అందుకే 2012లో రూల్స్ మార్చినప్పుడు శాటిలైట్ ఫొటోలు మిగతా సాక్ష్యానికి తోడు మాత్రమే, దానికి బదులు కాదు అని పెట్టుడు ఎంత అవసరమో నాకు అక్కడ నిలబడితే తెలిసింది. పడిన చెట్టు మొదలు దగ్గర ఇద్దరు పెద్దమనుషులు నిలబడి చెప్పింది వీడియో తీసి, పాయింట్ నోట్ చేసినం.

ఒక జాగకు మాత్రం మమ్ముల రానియ్యలే. వేల్పు ఉండే చోటు, బయటోళ్ళకు చూపించరు, కాగితం మీద పెట్టొద్దన్నరు. చట్టం ఏమో పూజాస్థలాలు మంచి సాక్ష్యం అంటది, లాయర్ బుద్ధి ఆ పాయింట్ మ్యాప్ మీద పెట్టు అంటది. పరిశోధన నీతి ఏమంటదంటే, వాళ్ళు వద్దంటే వద్దు, అంతే. మధ్యేమార్గం గూడెం పెద్దే చెప్పిండు: "ఈ వాగుకు ఆ గుట్టకు నడుమ మా వేల్పు ఉన్నది అని రాయి, ఎక్కడున్నదో మాకెర్కే, వాళ్ళకెందుకు?" అట్లనే రాసినం. 2013లో ఒడిశా నియమగిరి గనుల కేసులో సుప్రీంకోర్టు కూడా కొండ మీద డోంగరియా కోందుల మత, సాంస్కృతిక హక్కులున్నయా లేవా అనేది గ్రామసభలే తేల్చాలె అన్నది కదా, దేవుడి జీపీఎస్ అడగలే. ఆ తీర్పు పేరా ఒకటి ఫైల్‌లో పెట్టినం.

ఇంకో దగ్గర హిస్టరీ తమ్ముడే బ్రేక్ వేసిండు. తాడ్వాయి మండలం దామెరవాయిలో పెద్దపెద్ద రాతి సమాధులున్నయి, జనం రాక్షస గుళ్ళు అంటరు. వేల ఏండ్ల నాటివి, వీటిని కూడా మా పూర్వీకులవే అని పెట్టేద్దాం అని గూడెం యువకులు ఉత్సాహపడ్డరు. ఆయన ఓపికగా చెప్పిండు, ఆ సమాధులు కట్టినోళ్ళకు ఈ గూడేనికి సంబంధం ఉందని చూపే ఆధారం మన చేతిలో లేదు, ఒక్క బలహీనమైన మాట పెడితే పది గట్టి మాటలు కూడా అనుమానంలో పడతయి అని. వాటికి బదులు వాళ్ళ సొంత బొందలగడ్డ, అక్కడ రాళ్ళు ఎవరెవరివో పేర్లతో సహా, చార్ట్‌లో ఉన్న పేర్లతో సరిచూసి పెట్టినం. పాత శిస్తు రసీదు ఒకటి ఒకరింట్ల సందుగలో దొరికింది, ఉర్దూలో, ఫసలీ సంవత్సరంతో. మట్టెవాడలో రిటైరైన ఉర్దూ టీచర్ సాబ్ ఒకాయన చదివి పెట్టిండు, ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తది. అందులో ఉన్న పేరు, డోలి పాటలో వచ్చిన పేరు, బొందలగడ్డ రాయి ఎవరిదో చెప్పినప్పుడు వచ్చిన పేరు ఒకటే. మూడు వేరే వేరే దారుల నుంచి ఒకటే మనిషి కాడికి వచ్చినం. ఆ రోజు నాకు నిద్ర పట్టలే, సంతోషంతోని.

తర్వాత ప్రాసెస్ త్వరగా చెప్తా. గ్రామసభకు సగం మంది రావాలె, వచ్చినోళ్ళల్లో మూడో వంతు ఆడోళ్ళు ఉండాలె, ఇది కచ్చితంగా చూసుకోండి, సంతకాల పుస్తకం ఫొటో తీసి పెట్టుకోండి. అటవీ హక్కుల కమిటీ ఫీల్డ్ వెరిఫికేషన్‌కు ఫారెస్ట్, రెవెన్యూ వాళ్ళకు రాతపూర్వకంగా నోటీసు ఇయ్యాలె, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోవాలె. గ్రామసభ తీర్మానం, మ్యాప్ అన్నీ సబ్ డివిజనల్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ గారు అధ్యక్షులుగా ఉండే జిల్లా కమిటీకి. పేర్ల విషయం ముందే గూడెంలో మాట్లాడుకోవాలె, ఎందుకంటే రీసెర్చ్‌లో పేర్లు దాస్తం, వాంగ్మూలంలో పేరు, వయసు, వేలిముద్ర లేకుంటే దానికి విలువ లేదు. మేము రెండు సెట్లు చేసినం, ఫైల్‌కు పేర్లతో ఒకటి, గూడెం దగ్గర ఉంచుకునేందుకు మొత్తం రికార్డింగులతో ఇంకొకటి, యూనివర్సిటీలో ఎవరన్నా వాడుకోవాలంటే గ్రామసభ ఒప్పుకోవాలె అని తీర్మానంలోనే రాయించినం.

ఒక ఆఫీసులో ఫైల్ వెనక్కి ఇచ్చిన్రు, రెవెన్యూ రికార్డు జతచేయలే, నోటి మాటలు పాటలు సాక్ష్యం ఎట్లయితయి అని. నోటితోనే చెప్పిన్రు, రాసి ఇయ్యలే. మేము రాతపూర్వకంగా కారణాలు అడిగినం, 13వ రూల్‌లో ఏ క్లాజు కింద ఏ పేజీ ఉన్నదో ఒక టేబుల్ గీసి పైన పెట్టినం: ఈ క్లాజుకు ఈ వాంగ్మూలం, ఈ క్లాజుకు ఈ బొందలగడ్డ ఫొటోలు, ఈ క్లాజుకు ఈ వంశవృక్షం. పాట అని రాసిన చోట "ఆచార సంప్రదాయాల డాక్యుమెంటేషన్" అని రూల్‌లో ఉన్న మాటే హెడ్డింగ్‌గా పెట్టినం. లోపల ఉన్నది అదే పాట, అదే పడిగె. ఈసారి తీసుకున్నరు, నంబర్ ఇచ్చిన్రు. ఇప్పుడు సబ్ డివిజనల్ కమిటీ దగ్గర ఉన్నది, మ్యాప్ మీద జాయింట్ వెరిఫికేషన్ మళ్ళీ ఒకసారి చేద్దాం అన్నరు, గూడెం వాళ్ళు సరే అన్నరు. తిరస్కరిస్తే కారణాలు రాసి ఇయ్యాలె, అరవై రోజుల్లో పై కమిటీకి పోవచ్చు, ఆ అప్పీల్ డ్రాఫ్ట్ కూడా ముందే రాసి పెట్టుకున్న.

ఎమ్మే చేసి లా చదువుతున్న తమ్ముళ్ళు చెల్లెండ్లు, ఎవిడెన్స్ యాక్ట్‌లో చుట్టరికం, ఆచారం, పాత పత్రాల సెక్షన్లు పరీక్ష కోసం కాకుండా మీ పాత సబ్జెక్టు పక్కన పెట్టుకొని ఒకసారి చదవండి. గోవిందరావుపేట దిక్కు ఇంకో గూడెం వాళ్ళు పిలిచిన్రు, తునికాకు అయిపోయినంక పోతం. కోయ మాట్లాడేటోళ్ళు ఇంకొకరు కావాలె, ముఖ్యంగా ఆడపిల్లలైతే మంచిది, జాగ్రఫీ చదివి మ్యాప్ గీయగలిగేటోళ్ళు ఒకరు కావాలె. పైసలు ఏం ఉండయి, బస్ చార్జీలు, తిండి చూసుకుంటం.